ఉంగరపు వేలు నాది కాదు

నేను ఒక వీణను. బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో, ఒకే పనస దుంగలోంచి పుట్టినదాన్ని. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, అతుకుల వీణలంటే నాకు చిన్నచూపు. వాటి నాదం నాకన్నా బాగుందని ఎవరైనా అంటే ఆ పూటంతా నా తీగలు శ్రుతిలో నిలవవు. నా గుణమే అంత. ఓర్వలేనితనం నాకు పుట్టుకతో వచ్చింది.

పుట్టుకతో అని ఊరికే అనలేదు. నన్ను చెక్కిన అప్పలస్వామి అదే సమయంలో ఇంకో వీణను కూడా చెక్కుతుండేవాడు. మద్రాసులో ఎవరికో కావాలట. దాని కుండ చుట్టూ పువ్వులూ లతలూ, దండి పొడవునా నగిషీ. నాకు మాత్రం చివరన సింహం మొహంలాంటి ఒక యాళి తల, అంతే. మైనంలో బొగ్గుపొడి కలిపి మెట్లు నిలబెట్టేటప్పుడు కూడా ముందు దానికి పెట్టాకే నా దగ్గరికి వచ్చాడు. కడుపు మండిపోయింది. కాని తీగలు కట్టి మొదటిసారి మీటినప్పుడు అతను నా దగ్గరే ఎక్కువసేపు కూర్చున్నాడు. "ఇది పలుకుతాది" అన్నాడు. ఆ ఒక్కమాటతో చాలాకాలం బతికాను.

నన్ను మొదట కొన్నది శ్రీకాకుళంలో ఒక ప్లీడరుగారు. ఇంట్లో వీణ ఉంటే పరువు అని ఎవరో చెప్పారు ఆయనకు. హాల్లో అద్దాల బీరువా పక్కన నిలబెట్టారు. వచ్చినవాళ్లు "ఎవరు వాయిస్తారు?" అని అడిగితే "మా కోడలు" అనేవారు. ఆ కోడలు నా మీద చెయ్యి వేసింది ఫొటో తీయించుకోవడానికి ఒకసారే. నా ఎదురుగా గూట్లో ఒక రేడియో ఉండేది. అది ఎక్కడెక్కడి వీణల కచేరీలు మోగిస్తుంటే ఇంటిల్లిపాదీ తలలూపేవాళ్లు. పక్కనే నిజం వీణ నోరు మూసుకుని నిలబడి ఉంది, దాని వైపు ఒక్కరూ తిరిగి చూడరు. మనుషులకు పెట్టెలోంచి వచ్చే పాట మీద ఉన్న మోజు పక్కనున్నదాని మీద ఉండదు.

ప్లీడరుగారు పోయాక నన్ను విజయనగరం నుంచి వచ్చిన ఒకావిడ కొనుక్కుంది. పేరు మంగతాయారు. సంగీతం కాలేజీలో వీణ టీచరు. నన్ను ఒళ్లోకి తీసుకుని, మొదటి మెట్టు దగ్గర నుంచి చివరి మెట్టు దాకా ఒక్క వేలితో నడిచింది. ఆ రోజు నుంచీ నేను ఆమెదాన్ని. ఇందులో దాపరికం ఏమీ లేదు. ఆమె కూడా నాది అనే అనుకున్నాను.

అయితే ఆమె మొత్తం నాది కాదు, ఆ లెక్క నాకు బాగా తెలుసు. ఎడమచేతి చూపుడువేలు, నడిమివేలు నా మెట్ల మీద నడుస్తాయి. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు నన్ను మీటుతాయి. కుడి చిటికెనవేలు పక్కనున్న తాళం తీగలను తడుతుంది. ఉంగరపు వేళ్లు రెండూ నన్ను తాకవు. ఎడమ ఉంగరపు వేలికి పెళ్లినాటి ఉంగరం ఉంటుంది. అది ఆమె భర్త సన్యాసిరావు వాటా అని సరిపెట్టుకున్నాను. ఆయన కరెంటాఫీసులో పని చేస్తాడు, సంగీతం గురించి ఏమీ తెలియదు, భార్య వాయిస్తుంటే పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తాడు. అలాంటి మనిషితో నాకు పోటీ లేదు.

పోటీ ఫిడేలు రూపంలో వచ్చింది. వాళ్లమ్మాయి హైమకు ఫిడేలు మీద మనసైంది. జానెడు పెట్టెలో పడుకుని వచ్చిన ఆ కట్టెపుల్ల నా పక్కన మంచం మీద చేరింది. మంగతాయారు దాన్ని చేతిలోకి తీసుకుని "ఎంత తేలిగ్గా ఉందే" అని మురిసింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆ మాట కన్నా దాని పెట్టె మూత నవ్వినట్టు తెరుచుకుని ఉండటమే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

ఆ సంవత్సరమే ఆమె మారడం మొదలుపెట్టింది. తెల్లవారకముందే స్నానం చేసి నా ముందు కూర్చునే మనిషి, పొద్దెక్కితే కాని రావడం లేదు. కారణం నాకు కనపడుతూనే ఉంది. పొద్దున్నే చేతులు బిగుసుకుపోయి ముడుచుకునేవి కావు. వంటింట్లోంచి వేడినీళ్ల గిన్నె తెచ్చుకుని అందులో వేళ్లు ముంచి కూర్చునేది. నా దగ్గరికి రావలసిన వేళ్లు ముందు ఒక సత్తుగిన్నె దగ్గరికి వెళ్లేవి. చలిగాలి తగిలితే ఆమె వేళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడేవి. కాసేపటికి నేరేడుపండు రంగుకు తిరిగేవి. ఆ తర్వాత ఎర్రబడి మండేవి. అలాంటప్పుడు నా తీగ ముట్టుకుంటే చప్పున చెయ్యి వెనక్కి తీసుకునేది. నన్ను ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకోవడం. దాని అర్థం ఏమనుకోవాలి నేను?

తర్వాత వేలికొసల మీద పుళ్లు లేచాయి. చిన్నవి, గుండుసూది గుచ్చినట్టు, కాని మానవు. ఇంటికొచ్చిన తోటి టీచర్లకు చూపిస్తే వాళ్లు నవ్వారు. వీణవాళ్లలో ఒక నమ్మకం ఉంది. వేళ్లు కోసుకోవాలి, కాయలు కాయాలి, అప్పుడే విద్య పట్టుబడినట్టు లెక్క. శిష్యురాలెవరైనా వేలు నొప్పి అంటే "ఇంకో గంట వాయించు, అదే పోతుంది" అనడం ఆ వృత్తిలో ఆనవాయితీ. మంగతాయారు కూడా ఎంతమందితోనో ఆ మాట అన్నది, నా ఎదుటే అన్నది. ఇప్పుడు తన వేళ్ల వంక చూసుకుని కాస్త గర్వపడింది కూడా. "ఈ వయసులో కూడా తీగ కోస్తోందంటే సాధన చేస్తున్నట్టే కదే" అని హైమతో అంది. కొబ్బరినూనె రాసుకుని మళ్లీ వాయించింది.

ఒక రోజు ఆమె నన్ను తుడుస్తుంటే చూశాను. ఎడమ ఉంగరపు వేలి కొసన పుండు. కుడి ఉంగరపు వేలి కొసన కూడా.

నా తీగలన్నీ ఒక్కసారి బిగుసుకున్నాయి. ఆ వేళ్లు నన్ను తాకవు. ఎన్నడూ తాకలేదు. మరి వాటిని కోసిందెవరు? సమాధానం పక్కనే మంచం మీద పడుకుని ఉంది. ఫిడేలుకు ఎడమచేతి వేళ్లు నాలుగూ కావాలి. కుడిచేత్తో కమాను పట్టుకోవాలి. నా మీద గుడ్డ కప్పి ఉన్న సమయంలో ఈవిడ కూతురి ఫిడేలుతో చనువు పెంచుకుంటోందన్నమాట. ఈర్ష్య పట్టినవాళ్లకు ఆధారాలు వాటంతట అవే వచ్చి ఒళ్లో పడతాయి. ఆ రోజు ఆమె కల్యాణి వాయించబోతే నేను మంద్రంలో బుస కొట్టాను. ఆమె తీగలు బిగించే బిరడాలు తిప్పీ తిప్పీ అలసిపోయింది.

ఇంకో సంగతి కూడా నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆమెకు వయసు వెనక్కి నడుస్తోంది. నుదుటి మీద గీతలు పోయాయి, బుగ్గలు నున్నగా తయారయ్యాయి. పక్కింటి పారమ్మ వచ్చి గడపలో నిలబడి చెప్పింది.

"ఏటమ్మా తాయారూ, రోజురోజుకీ చిన్నపిల్లవైపోతన్నావు. మొకానికి ఏటి రాస్తన్నావో నాకూ చెప్పు తల్లీ."

"ఏదీ రాయటం లేదు పారమ్మా. నోరే సరిగ్గా తెరుచుకోడం లేదు. నిన్న గారె కొరకలేక ముక్కలు చేసుకుని తిన్నాను."

"అందమొస్తే నోరు తగ్గుతాది మరి" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది పారమ్మ. నాకు దండి మీద లక్క పగుళ్లు వస్తున్నాయి, ఈవిడకు మాత్రం ముడతలు మాయమవుతున్నాయి. ఆ పూట పారమ్మకూ నాకూ ఒకటే బాధ.

సన్యాసిరావు ఆమెను వీధి చివర డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన రక్తం పరీక్ష చేయించి, కీళ్లవాతం లేదని వచ్చింది కాబట్టి భయం లేదన్నాడు. ఏం పని చేస్తారని అడిగి, వీణ అని తెలియగానే ఆయనకు జబ్బు దొరికిపోయింది. తీగలు కోస్తున్నాయి, నాలుగు నెలలు వీణ ముట్టుకోవద్దు. అంతే, ఇంట్లో నా బతుకు తాడిచెట్టు కింద పాలు తాగినట్టయింది. సన్యాసిరావు నా వంక చూసే చూపే మారిపోయింది. నన్ను పాత దుప్పటిలో చుట్టి బీరువా వెనక గోడకు ఆనించారు. నా తీగలు వదులు చేశారు. ఫిడేలు మాత్రం మంచం మీదే ఉంది. పొద్దున్నా సాయంత్రం హైమ దాన్ని గడ్డం కింద పెట్టుకుని గీస్తుంటే నేను దుప్పటిలో ఉడికిపోయాను.

నాలుగు నెలలూ గడిచాయి. పుళ్లు మానలేదు. పైగా కొత్తవి లేచాయి. నాకు వినపడేవి మాటలే కాబట్టి మాటలే చెబుతాను. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఆమె అంటోంది. మింగుతుంటే గొంతులో అడ్డం పడుతోందట. కాలేజీకి సెలవు పెట్టింది. ఒకసారి బీరువా తలుపు తెరుస్తూ ఆగి, దుప్పటి మీదనుంచే నన్ను నిమిరింది. "ఇంక వీణ వాయించలేనేమోనండీ" అంది భర్తతో. ఆ రోజు మొదటిసారి నాకు ఫిడేలు మీద కోపం రాలేదు. భయం వచ్చింది. నాలుగు నెలలుగా నేను దుప్పటిలో ఉన్నాను కదా, మరి ఆమెను కోస్తున్నదెవరు? ఫిడేలే అయితే దాని గొంతు నాకు వినపడాలి కదా. హైమ గీసే అపశ్రుతులు తప్ప దాని నుంచి ఇంకో చేతి నాదం నేను ఎన్నడూ వినలేదు.

చర్మం డాక్టరొకాయన ఆమె వేళ్లు చూసి, ఇది నా దగ్గర తేలేది కాదు, విశాఖపట్నంలో ఇలాంటి జబ్బులే చూసే డాక్టరు ఇందుమతిగారని ఉన్నారు, వెళ్లమని పంపించాడు. వెళ్లొచ్చిన సాయంత్రం సన్యాసిరావు అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఆవిడేటి, వచ్చే వారం వీణ కూడా తీసుకురమ్మంటాది?"

"ఏం చెయ్యమంటారు మరి? ఏది అడిగినా వీణ వల్లేనండీ అన్నాను నేను. అయితే ఆ వీణనే తీసుకురండి, మీరు వాయిస్తుంటే చూస్తాను అన్నారావిడ."

నన్ను రమ్మన్నారన్నమాట. ముద్దాయిని బోనెక్కించినట్టు. ప్లీడరుగారింట్లో ఉన్నదాన్ని, నాకు ఆ మాత్రం తెలుసు. అయినా దుప్పటిలోంచి బయటపడుతున్నాను, ఫిడేలు ఇంట్లోనే ఉంటోంది. ఆ ఆనందం ముందు శిక్ష ఒక లెక్క కాదు.

రైల్లో నన్ను హైమ ఒళ్లో పెట్టుకుంది. ఆసుపత్రి వరండాలో బెంచీల మీద ఆడవాళ్లే ఎక్కువ. ఒకావిడ వేళ్లు గాలికి వంగిన కొమ్మల్లా అన్నీ ఒక పక్కకే తిరిగి ఉన్నాయి. ఇంకో చిన్నపిల్ల మొహం మీద ముక్కుకు అటూ ఇటూ ఎర్రని మచ్చ. పక్కనున్న పెద్దావిడ ఎవరూ అడగకుండానే తన కథ మొదలుపెట్టింది. పొద్దున్నే లేవలేకపోతే అత్తగారు బద్ధకం అన్నదట, మొగుడు నటన అన్నాడట, డాక్టర్లు పెద్దవయసు అన్నారట. "నాకప్పుడు ముప్పై రెండమ్మా" అంది. మంగతాయారు తన చేతులు కొంగులో దాచుకుంది.

ఇందుమతిగారి గదిలోకి వెళ్లగానే ఆవిడ చేసిన మొదటి పని ఏసీ ఆపేయడం. రెండో పని నాకు అస్సలు నచ్చలేదు. మంగతాయారు చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. ఒక్కొక్క కణుపూ బొటనవేలితో నొక్కి చూసింది. వేళ్ల మీది చర్మాన్ని పట్టి లాగబోయింది, అది ముడత పడలేదు, డప్పు మీద తోలులా బిగిసి ఉంది. మణికట్టు, మోచెయ్యి, మొహం, అన్నీ తడిమింది. తొందర లేదు ఆవిడకు. నాలుగు నెలలుగా నాకు దక్కని వేళ్లను ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి అంతసేపు పట్టుకుని కూర్చుంటే నాకెలా ఉంటుందో ఆలోచించండి.

"ఇప్పుడు వాయించండి" అంది.

హైమ శ్రుతి చేసి ఇచ్చింది. మంగతాయారు వేళ్లు నా మీద పడ్డాయి. బిగుసుకుపోయి ఉన్నాయి, కొసలు మొద్దుబారాయి, అయినా ఆ నడక నాకు తెలిసినదే. మోహనలో ఏదో చిన్న కీర్తన. తప్పులు దొర్లాయి. నేను నాకున్న నాదమంతా పెట్టి పలికాను, ఒక్క తీగను కూడా బెట్టు చేయనివ్వలేదు. గుమ్మం దగ్గర నర్సు ఆగి చూసింది. ఇందుమతిగారు మాత్రం పాట వినడం లేదు. కుర్చీ దిగి కింద కూర్చుని, ఆమె వేళ్లనే చూస్తోంది. ఇంతలో ఎడమచేతి నడిమివేలు తెల్లబడింది.

"చాలండి, ఆపండి. ఈ వేలు తీగ మీద పడుతుంది. ఇదీ పడుతుంది. ఇది?" ఎడమ ఉంగరపు వేలు పట్టుకుంది.

"పడదండి. వీణకు ఆ వేలు పనికిరాదు."

"ఈ చేతిది?"

"అదీ అంతేనండి."

"మరి వీటికి పుళ్లెందుకు లేచాయి?"

సన్యాసిరావు మెల్లగా తల ఎత్తి నా వంక చూశాడు, ఈసారి చూపు వేరు. ఆ ప్రశ్న నాది. ఇల్లంతా నన్ను తిట్టకముందే ఆ వేళ్ల మీద పుళ్లు చూసి అదే ప్రశ్న వేసుకున్నదాన్ని నేను. ఆధారం ఒక్కటే. నాకందులో సవతి కనపడింది, ఆవిడకు జబ్బు కనపడింది.

ఆవిడ గోరు మొదట్లో ఒక నూనె చుక్క వేసి, దీపమున్న భూతద్దం పెట్టి చూసింది. సన్యాసిరావును కూడా చూడమంది. అక్కడ సన్నని నెత్తురు దారులు వరసగా ఉండాలట, కొన్ని ఉబ్బిపోయి, కొన్ని చోట్ల అసలు లేకుండా పోయి ఉన్నాయట. అప్పుడు చెప్పింది. ఇది తీగ కోసిన గాయం కాదు. వేలి కొసకు నెత్తురు అందక లోపలి నుంచి వచ్చిన పుండు. చలికి వేళ్లు తెల్లబడటం, చర్మం బిగిసి ముడతలు పోవడం, నోరు చిన్నదవడం, మింగుడు పడకపోవడం, ఆయాసం, అన్నీ ఒకే తాడుకు వేసిన ముడులు. పేరు స్క్లెరోడెర్మా. మనల్ని కాపాడడానికి ఒంట్లో ఉన్న కాపలా బలగం దారి తప్పి, సొంత ఒంటి మీదే పడటం.

"కంచే చేను మేసినట్టన్నమాట" అన్నాడు సన్యాసిరావు.

"అంతేనండి. మొదట చేసిన పరీక్ష వేరే రకం వాతానికి. అది లేదని వస్తే ఏ వాతమూ లేదని కాదు. వేరే పరీక్షలు రాస్తాను, ఊపిరితిత్తుల స్కాన్ మాత్రం ఇవాళే తీయించాలి. పూర్తిగా పోయే జబ్బని చెప్పను. కాని ఇప్పుడు పట్టుకున్నాం కాబట్టి ఆపడానికి మందులున్నాయి. ఇంకో ఏడాది కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చుని ఉంటే వేళ్ల సంగతి అలా ఉంచండి, ఊపిరి సంగతి చూసుకోవలసి వచ్చేది."

మంగతాయారు ఏడుస్తుందనుకున్నాను. ఆమె నా దండి మీద చెయ్యి వేసి అడిగింది.

"అయితే మా వీణ తప్పేం లేదా డాక్టరుగారూ?"

"లేదండి. చలి వేళ ముట్టుకోకండి, అంతే. దాని వల్ల ఏదీ రాలేదు."

అంత జబ్బు పేరు విని, మొదట ఆమె అడిగింది నా గురించి. ఇంక ఈ జన్మలో ఎవరి మీదా ఈర్ష్య పడకూడదనుకున్నాను. ఆ నిర్ణయం రైలెక్కేదాకా కూడా నిలవలేదు. నేను నిర్దోషినైతే ఫిడేలు కూడా నిర్దోషే కదా అని తట్టింది. అది నాకు ఏమాత్రం రుచించలేదు.

ఊపిరితిత్తుల అడుగున మచ్చ మొదలైందని స్కాన్‌లో తేలింది. మందులు మొదలయ్యాయి. ఉబ్బిన వేలికి బిగుసుకున్న ఉంగరాన్ని కంసాలి చేత కోయించి తీశారు. పారమ్మకు విషయం తెలిసి, ఆ నున్నటి మొహం చూసి నోరు నొక్కుకుని ఏడ్చింది. ఉన్ని చేతొడుగులు వచ్చాయి. నల్లవి, పగలంతా ఆమె వేళ్లను కావలించుకుని ఉండేవి. వాటి మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. కాని వాటి పని అవి చేశాయి. పుళ్లు ఒక్కొక్కటే మానాయి. ఎడమ నడిమివేలి కొస మాత్రం గుంట పడి కాస్త పొట్టిదైంది. మెట్టు మీద అది కూర్చునే తీరు మారింది, గమకం పూర్తిగా తిరగదు. స్కాన్‌లో మచ్చ పెరగలేదని డాక్టరు చెప్పిన రోజున సన్యాసిరావు ఇంటికి మైసూర్‌పాక్ తెచ్చాడు, ఆమె ముక్కలు చేసుకుని తింది.

ఇప్పుడు ఆమె దగ్గరికి కొత్త శిష్యురాలెవరైనా వస్తే ముందు చేతులు చాపమంటుంది. పది వేళ్లూ చూస్తుంది, తీగ తాకనివి కూడా. వేలు నొప్పి అంటే వాయించు అనదు, ఎక్కడ, ఎప్పుడు, పొద్దున్నా సాయంత్రమా అని అడుగుతుంది. పొద్దున్నే వచ్చిన ఆ పిల్లల చేతులు తన చేతుల్లో పెట్టుకుని ఆమె కూర్చుంటే, నేను నా వంతు కోసం ఎదురుచూస్తుంటాను.

పోయిన చలికాలం ఒక మధ్యాహ్నం వసారాలో ఎండ పడుతోంది. చేతొడుగులు తీసి పక్కన పెట్టి నన్ను ఒళ్లోకి తీసుకుంది. భైరవిలో ఒక కీర్తన. ఏడాదిన్నర తర్వాత అంత పెద్ద కీర్తన మొదలుపెట్టడం అదే. పల్లవి అయింది, అనుపల్లవి అయింది. కొస పొట్టిదైన వేలితో గమకం తిరగకపోతే చూపుడువేలితో కొత్త దారి వెతుక్కుంది, అది పాతదానికన్నా బాగుంది. చరణం ఎత్తుకుంది. నేను ఒళ్లు మరచి పలుకుతున్నాను. అంతలో మబ్బు పట్టి గాలి తిరిగింది. నడిమివేలి కొస పాలిపోవడం ఆమెకన్నా ముందు నేనే చూశాను.

ఆమె ఆగిపోయింది. సగం మాట మీద, స్వరం ఇంకా గాల్లో ఉండగానే. నన్ను పక్కన పడుకోబెట్టి, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని గోడకు ఆనుకుంది. మిగిలిన చరణం నాలోనే ఉండిపోయింది. ఇదివరకైతే పది రోజులు శ్రుతి నిలవకుండా అలిగేదాన్ని. ఆ వేళ మాత్రం, నన్ను ఎంతసేపు వదిలేసినా ఫరవాలేదు, నెత్తురు చేరి ఆ వేలు ఎర్రబడితే చాలనుకుంటూ తీగలన్నీ బిగబట్టుకుని చూస్తూ ఉన్నాను.